కొత్త ఫర్మ్‌వేర్, పాత పెన్‌డ్రైవ్

"ప్యాకేజీలన్నీ ఒక్కసారే అప్‌గ్రేడ్ చేస్తే తప్పేంటి వదినా? ఫోన్‌లో అలాగే చేస్తాం, ల్యాప్‌టాప్‌లో అలాగే చేస్తాం. రౌటర్‌కే ఎందుకొచ్చింది ఈ మడి?"

"ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టు రౌటర్‌లో ఉండదు కాబట్టి. నువ్వు చేసింది అప్‌గ్రేడ్ అనుకుంటున్నావు. అది పాత సామాను కొత్తింట్లో దించడం."

మరిదికి రాజమండ్రిలో జిరాక్స్ షాపుంది. ఆన్‌లైన్ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, పాన్ కార్డులు అక్కడే. షాపు రౌటర్‌లో కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ పీకేసి, లైనక్స్ ఆధారంగా నడిచే ఓపెన్‌వర్ట్ తనే ఎక్కించాడు. రౌటర్ ఫ్లాష్ మెమరీ 16 ఎంబీ. ప్రకటనల్ని ఆపే ప్యాకేజీ, ఫైళ్లు పంచే సాంబా, వీపీఎన్, డౌన్‌లోడ్ ప్రోగ్రామ్ అన్నీ కావాలన్నాడు. 16 ఎంబీలో పట్టవు. వెనకనున్న యూఎస్‌బీలో 32 జీబీ పెన్‌డ్రైవ్ గుచ్చి, రౌటర్ రాసుకునే చోటు మొత్తాన్ని దాని మీదికి మళ్లించాడు. వదిన హైదరాబాద్‌లో నెట్‌వర్క్ పరికరాలకు ఫర్మ్‌వేర్ రాసే ఉద్యోగి. ఆమె దృష్టిలో పెన్‌డ్రైవ్ అంటే ఫైళ్లు మోసుకెళ్లేది. సిస్టమ్‌ని దాని మీద నిలబెట్టడం ఆమెకు నచ్చదు.

23.05 వెర్షన్ నుంచి 24.10కి మారాక రౌటర్ లేచింది. నెట్ వస్తోంది, వైఫై వస్తోంది. సెట్టింగుల పేజీ మాత్రం తెరుచుకోవడం లేదు. కొత్త డ్రైవర్ ఎక్కించబోతే కెర్నెల్ కుదరడం లేదని మొరాయిస్తోంది. వదిన షాపుకొచ్చి చూసింది, వాదన అక్కడ మొదలైంది.

"తప్పు ఓపెన్‌వర్ట్‌దే" అని మరిది తీర్పు. "ప్యాకేజీలు ఇచ్చారు, వాటికి మేనేజర్ ఇచ్చారు, అప్‌గ్రేడ్ అనే కమాండ్ కూడా ఇచ్చారు. మళ్లీ వాళ్లే తమ పేజీల్లో అన్నిటినీ ఒక్కసారే అప్‌గ్రేడ్ చేయొద్దని రాస్తారు. ఇదేం చోద్యం?"

చోద్యంగా కనిపించేదే. కానీ దానికో చరిత్ర ఉంది. లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ రౌటర్‌లో నడిచేది లైనక్స్ అని బయటపడ్డాక, జీపీఎల్ లైసెన్సు ప్రకారం కంపెనీ 2003లో ఆ సోర్స్ కోడ్ విడుదల చేయాల్సివచ్చింది. ఆ కోడ్ పట్టుకుని 2004లో మొదలైన ప్రాజెక్టు ఓపెన్‌వర్ట్. ఆ రౌటర్ తొలి రకాల్లో ఫ్లాష్ 4 ఎంబీ, ర్యామ్ 16 ఎంబీ. అంత ఇరుకులో ఆపరేటింగ్ సిస్టమ్ ఇమడాలంటే ప్రతి బైటుకీ లెక్క చెప్పాలి. ఆ పొదుపులో పుట్టిన ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది.

"ఫ్లాష్‌లో రెండు భాగాలుంటాయి" అని వదిన మొదలుపెట్టింది. "ఒకటి స్క్వాష్‌ఎఫ్‌ఎస్. బాగా కుదించి, చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా సీలు వేసింది. ఫర్మ్‌వేర్‌తో వచ్చిన ఫైళ్లన్నీ అందులోనే. రెండోది ఓవర్‌లే. నువ్వు మార్చినవీ, కొత్తగా పెట్టినవీ అందులో. అచ్చుపుస్తకం పేజీ మీద ట్రేసింగ్ పేపర్ పరిచావనుకో. పైన రాసిందే కంటికి కనిపిస్తుంది, కింది అచ్చు మాత్రం చెరగదు."

"అంటే ఫర్మ్‌వేర్‌తో వచ్చిన డీఎన్‌ఎస్‌మాస్క్ ప్యాకేజీని అప్‌గ్రేడ్ చేస్తే..."

"పాతది కింద అలాగే ఉంటుంది. కొత్తది పైన చేరుతుంది. రెండూ చోటు తింటాయి. ఫర్మ్‌వేర్‌తో వచ్చిన ప్యాకేజీని తీసేసినా చోటు మిగలదు, ఆ పేరు మీద పైన ఓ సున్నా గుర్తు పడుతుందంతే. చిన్న ఫ్లాష్ ఉన్న రౌటర్‌లో అన్నిటినీ అప్‌గ్రేడ్ చేస్తే మధ్యలో చోటు అయిపోతుంది. సగం కొత్త, సగం పాత. ఇక అది లేవదు."

మరిది చిటిక వేశాడు. "అందుకేగా పెన్‌డ్రైవ్ పెట్టింది! 16 ఎంబీ కష్టాలు చెప్పి 32 జీబీ వాడిని భయపెడితే ఎలా? మీరు చెప్పే జబ్బుకి నేను ముందే మందు వేశాను."

నిజమే, వేశాడు. ఈ మందుని ఎక్స్‌ట్రూట్ అంటారు. టీపీ-లింక్ డబ్ల్యుఆర్703ఎన్, ఎంఆర్3020 లాంటి అగ్గిపెట్టెంత రౌటర్ల రోజుల్లో అది ఊరూరా వాడుకలోకి వచ్చింది. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్, పక్కనో యూఎస్‌బీ రంధ్రం. ఆ రంధ్రమే దిక్కు. 2011లో వచ్చిన పైరేట్‌బాక్స్, అంటే ఇంటర్నెట్ లేకుండానే చుట్టుపక్కల వాళ్లు ఫైళ్లు పంచుకునే పెట్టె, ఎంఆర్3020 లాంటి వాటి మీద నడిచిందంటే పెన్‌డ్రైవ్ పుణ్యమే. పెన్‌డ్రైవ్‌ని ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో దాని గుర్తింపు సంఖ్య యూయూఐడీని రాసి, ఓవర్‌లే చోటులో అతికిస్తే చాలు. ట్రేసింగ్ పేపర్ ఫ్లాష్‌లోంచి పెన్‌డ్రైవ్ మీదికి మారుతుంది. ఎంత రాసుకున్నా నిండదు.

"చోటు సమస్య తీరింది, ఒప్పుకుంటాను" అంది వదిన. "వెర్షన్ సమస్య తీరలేదు. ఇంకా ముదిరింది. మామూలు రౌటర్‌లో కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే ఓవర్‌లే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఉంచమన్న సెట్టింగ్ ఫైళ్లు మాత్రం తిరిగి వస్తాయి. ఇల్లు ఖాళీ, శుభ్రం. నీ విషయంలో ఓవర్‌లే ఫ్లాష్‌లో లేదు, పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఫర్మ్‌వేర్ ఎక్కించే సిస్‌అప్‌గ్రేడ్ కమాండ్ దాని జోలికి పోదు. కింద ఫర్మ్‌వేర్ 24.10కి మారింది, కెర్నెల్ 5.15 నుంచి 6.6కి వచ్చింది. పైన ఓవర్‌లే మాత్రం 23.05 నాటిదే."

"అయితే ఏం? 24.10లో ఉన్నవి కొత్తవేగా. అవి పనిచేస్తాయి."

"అవి కనపడితేగా పనిచేసేది! పోయినేడు నువ్వు ఓపికగా అప్‌గ్రేడ్ చేసిన ప్రతి ప్యాకేజీ పైపొరలో కూర్చుని ఉంది. కింద దానికన్నా కొత్తది వచ్చినా సరే, పైదే చెల్లుతుంది. నిన్న నువ్వు చేసిన అప్‌గ్రేడే ఇవాళ డౌన్‌గ్రేడ్ అయింది."

మొదటిసారి మరిది నోట మాట రాలేదు. ఈ ఒక్క సంగతి తెలియకే చాలామంది పెన్‌డ్రైవ్ రౌటర్లతో తంటాలు పడతారు. తప్పు కమాండ్‌లో ఉందని వెతుకుతారు. ఉన్నదేమో పొరల వరసలో.

వదిన ల్యాప్‌టాప్‌లోంచి రౌటర్‌లోకి లాగిన్ అయి లాగ్ చూపించింది. సెట్టింగుల పేజీ వెనక పనిచేసే ప్రోగ్రామ్ పైపొరలోది, పాతది. అది లిబ్‌యూబాక్స్ అనే లైబ్రరీని వెతుకుతోంది. ఆ లైబ్రరీ పేరు చివర తేదీ ఉంటుంది. 23.05లో దాని తోక 20230523. 24.10లో 20240329. పాత తోక ఉన్న ఫైలు పాత ఫర్మ్‌వేర్‌తోనే వెళ్లిపోయింది. ప్రోగ్రామ్ దాన్ని అడుగుతుంది, దొరకదు, చచ్చిపోతుంది. సిస్టమ్ మళ్లీ లేపుతుంది, మళ్లీ అడుగుతుంది. లాగ్ నిండా అదే ముక్క.

"ఇంకోటి చూడు. ఏయే ప్యాకేజీలు ఎక్కి ఉన్నాయో ప్యాకేజీల మేనేజర్ ఓపీకేజీ రాసుకునే చిట్టా కూడా పైపొరలోదే. దాని లెక్కలో నువ్వింకా 23.05లోనే ఉన్నావు. డ్రైవర్ అడిగితే కెర్నెల్ కుదరడం లేదనక ఏమంటుంది?"

"మరి అలా కుదరకపోతే సిస్టమే ఆపాలి కదా ముందే?"

"ఆపింది! పెన్‌డ్రైవ్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌ట్రూట్-యూయూఐడీ అనే ఫైలు ఉండాలే, ఏదీ?"

"...తీసేశాను. పెన్‌డ్రైవ్ అతుక్కోవడం లేదని వెతికితే ఎవరో అది చెరిపేస్తే అతుక్కుంటుందన్నారు. అతుక్కుంది కూడా."

పెన్‌డ్రైవ్ మొదటిసారి అతుక్కున్నప్పుడు, కింద ఉన్న ఫర్మ్‌వేర్ గుర్తింపు సంఖ్యని సిస్టమ్ ఆ చిన్న ఫైల్లో రాసి పెట్టుకుంటుంది. ఫర్మ్‌వేర్ మారితే సంఖ్య మారుతుంది. రెండూ కలవకపోతే పెన్‌డ్రైవ్‌ని అతికించడానికి ఒప్పుకోదు. దాన్ని లోపమనుకుని చెరిపేవాళ్లే ఎక్కువ. ఆ ఫైలు చెరపడంలో తప్పు లేదు; పెన్‌డ్రైవ్‌లో పాత ఓవర్‌లే మొత్తాన్ని ఖాళీ చేయకుండా అదొక్కటే చెరపడం తప్పు.

ఇక్కడితో వదిన గెలిచినట్టే అనుకోవచ్చు. మరిది ఒప్పుకునే రకం కాదు. అతని దగ్గర ఉన్నది ఉత్త పట్టుదల కూడా కాదు.

"సరే, అన్నిటినీ ఒక్కసారే అప్‌గ్రేడ్ చేయకూడదు. వింటాను. కానీ మీరు ప్యాకేజీ అప్‌గ్రేడే వద్దంటున్నారు. 2021 జనవరి గుర్తుందా? డీఎన్‌ఎస్‌పూక్. డీఎన్‌ఎస్‌మాస్క్‌లో ఒకేసారి 7 లోపాలు బయటపెట్టింది జేఎస్‌ఓఎఫ్ అనే ఇజ్రాయెల్ సంస్థ. వాటిలో కొన్ని బ్యాంకు వెబ్‌సైట్ అడిగితే ఇంకెక్కడికో పంపేలా రౌటర్‌ని మోసం చేసేవి. అప్పుడు ఓపెన్‌వర్ట్ వాళ్ల భద్రతా ప్రకటనలో ఏమని రాశారు? ఓపీకేజీతో డీఎన్‌ఎస్‌మాస్క్ ఒక్కటీ అప్‌గ్రేడ్ చేసుకోండి అని. అంతకుముందు 2020లో పీపీపీడీ లోపానికీ అదే మాట. వాళ్లు చెబితే శాస్త్రం, నేను చేస్తే దోషమా?"

"అది న్యాయమైన మాటే" అంది వదిన. "నేను కాదనేది దాన్ని కాదు. వెర్షన్ మారకుండా, కెర్నెల్ జోలికి పోకుండా, లోపం ఉన్న ఒక్క ప్యాకేజీని మార్చడం వేరు. కొత్తది కనిపించిందని ఉన్నవన్నీ మార్చడం వేరు. దేని కోసం మార్చావో చెప్పగలిగితే మార్చు."

"మీరు చెప్పేదాకా ఆగితే, ఫర్మ్‌వేర్ మొత్తం కొత్తది వచ్చేదాకా ఆగితే, ఈలోగా ఏ బాట్‌నెటో దూరుతుంది. 2018 మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ 54 దేశాల్లో 5 లక్షల పైచిలుకు పరికరాల్లోకి దూరింది. రౌటర్లు ఓసారి ఆపి వెయ్యండి బాబూ అని ఎఫ్‌బీఐ జనాన్ని బతిమాలుకుంది. ఆ దూరిన వాటిలో ఎక్కువ, ఎవరూ అప్‌డేట్ చేయనివి."

"ఆగమనలేదు. మొత్తం ఇమేజ్‌ని కొత్తగా కట్టించుకోమంటున్నాను. ఓపెన్‌వర్ట్ ఫర్మ్‌వేర్ సెలెక్టర్ పేజీలో నీ రౌటర్ మోడల్ ఎంచుకో, కావలసిన ప్యాకేజీల పేర్లు రాయి. వాళ్ల సర్వర్ అన్నీ కలిపి ఒకే ఇమేజ్ కట్టి ఇస్తుంది. రౌటర్‌లోంచే కావాలంటే 24.10లో ఓవట్ అనే పనిముట్టు ఉంది. నీ ప్యాకేజీల జాబితా అదే పంపి, కట్టించి, ఎక్కిస్తుంది. ప్యాకేజీలు స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌లో కుదించి కూర్చుంటాయి కాబట్టి చోటూ తక్కువే పడుతుంది. నువ్వు పెన్‌డ్రైవ్ మీదికి తోసినవాటిలో సగం అసలు ఫ్లాష్‌లోనే పట్టేవేమో."

మరిది దీని కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. "ఆ సర్వర్ కథ నాకు తెలుసు వదినా. 2024 డిసెంబరు."

వదిన నవ్వింది. ఆమెకీ తెలుసు.

ఫ్లాట్ సెక్యూరిటీ అనే జపాన్ సంస్థ పరిశోధకుడు ఆ సర్వర్‌లో రెండు బొక్కలు పట్టాడు. ఎవరైనా అడిగిన ఇమేజ్‌ని మళ్లీ కట్టనక్కర్లేకుండా దాచి ఉంచడానికి, సర్వర్ ఆ అడిగిన జాబితాకి షా-256 హ్యాష్ లెక్కగట్టేది. పూర్తి హ్యాష్‌లో 64 అక్షరాలుంటాయి. సర్వర్ మొదటి 12 మాత్రమే వాడుకుంది. 12 అక్షరాలు కలిసేలా ఇంకో జాబితా తయారుచేయడం మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాడికి అసాధ్యం కాదు. రెండో లోపం, ప్యాకేజీ పేర్ల మాటున సర్వర్ మీదే కమాండ్లు నడిపించగలగడం. రెండూ కలిస్తే ఒకరు అడిగిన మంచి ఇమేజ్ స్థానంలో ఇంకొకరు కట్టిన విషపు ఇమేజ్ అందించవచ్చు. లోపం చెప్పిన మూడు గంటల్లో ప్రాజెక్టు సరిచేసింది. అప్పటిదాకా ఇచ్చిన ఇమేజ్‌లు చెడి ఉండే అవకాశం దాదాపు లేదంటూనే, ఎందుకైనా మంచిది అదే వెర్షన్ మళ్లీ ఎక్కించుకోమంది.

"కంచే చేను మేసింది. ఇంక ఎవర్ని నమ్మాలి?" అన్నాడు మరిది.

"నీ ఓపీకేజీ మేయలేదా? 2020లో బయటపడింది కదా. దిగిన ప్యాకేజీ చెక్‌సమ్ సరిచూడాలి దాని పని. జాబితాలో చెక్‌సమ్ ముందు ఖాళీ ఉంటే చదవలేక, అసలు చెక్‌సమే లేదనుకుని వదిలేసేది. 2017 ఫిబ్రవరి నుంచీ అంతే. ప్యాకేజీలేమో మామూలు హెచ్‌టీటీపీలో వచ్చేవి. దారిలో ఎవడైనా మార్చి పంపినా నోరెత్తదు."

"దాన్నీ సరిచేశారుగా."

"ఎలా సరిచేశారు? సరిచేసిన ఓపీకేజీని దించాల్సింది ఆ పాత ఓపీకేజీతోనే! అందుకే ప్యాకేజీని ఎక్కించకుండా ఊరికే దించుకుని, దాని షా-256 లెక్కగట్టి, జాబితాలో ఉన్న అంకెతో మీ కళ్లతో మీరే సరిచూసుకుని, అప్పుడు ఎక్కించండి అని ప్రకటనలో రాశారు. 64 అక్షరాలు, ఒక్కొక్కటీ."

ఇలాంటి చోట వాదన తేలదు, తేలనక్కర్లేదు. రెండు దారుల్లోనూ గొలుసులో ఒక లింకు తెగింది, రెండుసార్లూ బయటివాళ్లు పట్టారు, రెండుసార్లూ సరిచేశారు. ఆ సర్వర్ మీద నమ్మకం లేనివాళ్లకి ఇమేజ్ బిల్డర్ ఉంది. తమ కంప్యూటర్‌లోనే ఇమేజ్ కట్టుకోవచ్చు. షాపు నడిపేవాడికి అంత తీరిక ఉంటుందా అనేది వేరే సంగతి.

మరిదికి తీరిక లేదు. పైగా ఇంకో చిక్కుంది. కేబుల్ నెట్ పోయినప్పుడు షాపు నడిచేది 4జీ డాంగిల్ మీద. డాంగిల్ డ్రైవర్లు ప్యాకేజీలే. "ఫర్మ్‌వేర్ మార్చగానే పెన్‌డ్రైవ్ చూసే డ్రైవర్లూ పోతాయి, డాంగిల్ నడిపేవీ పోతాయి. డ్రైవర్లు దించాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే డ్రైవర్లు కావాలి. గోదావరి జిల్లాల్లో డాంగిల్ ఒక్కదాని మీదే రౌటర్ నడిపే పల్లెలు నాకు తెలుసు. వాళ్లకి మీ సలహా ఏంటి?"

"వాళ్లకే ఇమేజ్ ముఖ్యం. యూఎస్‌బీ స్టోరేజ్, ఈఎక్స్‌టీ4, బ్లాక్-మౌంట్, డాంగిల్ డ్రైవర్లు, ఇవన్నీ ఇమేజ్‌లోనే కలిపి కట్టిస్తే మొదటిసారి లేచేసరికే నెట్ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ని అతికించే డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో ఉంటే అది ఎప్పటికి దొరికేను?"

ఆ మాటంటూనే ఆమె చెయ్యి చాచి పెన్‌డ్రైవ్ పీకేసింది. రౌటర్ ఆపి వేసింది. మరిది గుండె ఆగినంత పనైంది.

రౌటర్ లేచింది. కానీ వైఫై పేరు వేరు, పాస్‌వర్డ్ వేరు. పెన్‌డ్రైవ్ అతుక్కోకపోతే రౌటర్ ఆగిపోదు. ఫ్లాష్‌లో ఉన్న ఓవర్‌లేతో లేస్తుంది. పెన్‌డ్రైవ్ అతికించక ముందు అక్కడ ఏ సెట్టింగులున్నాయో అవే. మరిది పేరు, పాస్‌వర్డ్ మార్చింది ఈసారి పెన్‌డ్రైవ్ మళ్లీ అతికించాకే. షాపుకొచ్చే కుర్రాళ్లందరికీ తెలిసిన పాత పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ తెరుచుకుంది.

"పెన్‌డ్రైవ్ చచ్చిపోయిన రోజు జరిగేది ఇదే. రాత్రీపగలూ లాగులు రాయించుకునే చవక పెన్‌డ్రైవ్ ఎంతకాలం బతుకుతుంది?"

మరిది కాసేపు మౌనంగా ఉండి తేరుకున్నాడు. "అయితే పెన్‌డ్రైవే వద్దంటారు."

"వద్దనను. సిస్టమ్‌ని దాని మీద పెట్టకు. సినిమాలు, డౌన్‌లోడ్లు, సాంబా పంచే ఫోల్డర్ అక్కడ పెట్టు. ఏసుస్ రౌటర్లలో మెర్లిన్ ఫర్మ్‌వేర్ వాడేవాళ్లు ఎంట్‌వేర్ పెడతారు చూడు. దాని ప్రోగ్రాములూ, వాటికి కావలసిన లైబ్రరీలూ అన్నీ ఓపీటీ అనే ఒకే ఫోల్డర్‌లో, పెన్‌డ్రైవ్ మీదే. కెర్నెల్ డ్రైవర్లు అందులో ఉండవు. కింద ఫర్మ్‌వేర్ మారినా దాని గొడవ దానిది. అక్కడ నువ్వు అన్నిటినీ ఒక్కసారే అప్‌గ్రేడ్ చేసుకో, నేను అడ్డురాను."

"అంటే నా కమాండ్‌కి చోటుంది!"

"ఆ ఒక్క ఫోల్డర్‌లో."

బేరం అక్కడ కుదిరింది గానీ అంతా కుదరలేదు. వదిన ముందు బ్యాకప్ తీసింది; సిస్‌అప్‌గ్రేడ్‌కి ప్యాకేజీల జాబితా కూడా బ్యాకప్‌లో చేర్చే ఆప్షన్ ఉందని చాలామందికి తెలియదు. ఆ జాబితా మీద ఇద్దరూ కూర్చున్నారు. డౌన్‌లోడ్ ప్రోగ్రామ్ వాడి ఏడాదైందని తేలింది. సాంబా మాత్రం కదలనివ్వనన్నాడు మరిది. జిరాక్స్‌కి వచ్చే ఫైళ్లన్నీ దాని మీదుగానే. ప్రకటనలు ఆపే ప్యాకేజీ దించుకునే జాబితాలు ర్యామ్‌లో పెడితే 128 ఎంబీలో ఇరుకవుతుందా అన్నది ఇంకో అరగంట వాదన.

"89 డాలర్లు పెడితే ఈ గోలంతా ఉండదు" అంది వదిన. 2024 నవంబరులో ఆ ధరకి అమ్మకానికొచ్చిన ఓపెన్‌వర్ట్ వన్ రౌటర్ సంగతి ఆమె చెప్పేది. ర్యామ్ 1 జీబీ, ఫ్లాష్ 256 ఎంబీ, అది చెడినా లేపడానికి విడిగా 16 ఎంబీ రెండో ఫ్లాష్, ఎస్‌ఎస్‌డీ గుచ్చడానికి ఎం.2 స్లాట్. మరిది రూపాయల్లోకి లెక్కగట్టి, ఇప్పుడున్న దానికి ఎంత పెట్టాడో చెప్పి నోరు మూయించాడు.

ఇక మిగిలింది ఓపీకేజీ భవిష్యత్తు. ఓపెన్‌వర్ట్ తన అభివృద్ధి శాఖలో 2024 నవంబరులో ఓపీకేజీని పక్కనపెట్టి ఆల్పైన్ లైనక్స్ వాడే ఏపీకేని తెచ్చుకుంది. మరిది ఆశంతా దాని మీదే. "ఏపీకే ఏది కావాలో ఒక ఫైల్లో రాసుకుంటుంది, దేనికేది అవసరమో ముందే లెక్క చూసుకుని గానీ కదలదు. ఇక మీ భయాలకి పనిలేదు."

"పొరలు ఎక్కడికి పోతాయయ్యా? ఏపీకే ఎంత తెలివిగా లెక్క చూసినా రాసేది ఓవర్‌లేలోనే. కింద స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అలాగే ఉంటుంది."

"చూద్దాం వదినా. ముందు ఈ కొత్త ఇమేజ్ ఎక్కనివ్వండి. సాంబా పెట్టారా, లేదా?"

"పెట్టాను. పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చు."